రెండు హుక్కులు, మూడు హుక్కులు

చెల్లెలి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. సరిగ్గా ఆ రోజే తన బడిలో పిల్లలకు డిఎన్ఏ పాఠం చెప్పాలి. దానికోసమే దర్జీ పనిచేసే అక్క వెంటపడి, వారం రోజుల్లో గుడ్డతో నమూనా కుట్టించుకుంది. ఇప్పుడు పాఠం కూడా అక్కే చెప్పాలని కాగితం మీద రాసి చూపించింది.

"నేనా! నీకేమైనా మతిపోయిందా? బడి మానేసి ఇరవై ఏళ్లయింది."

"కుట్టింది నువ్వే కదా. ఎలా కుట్టావో అదే చెప్పు," అని రాసింది చెల్లెలు.

తరగతిలో కళ్లన్నీ తనవైపు తిరిగేసరికి అక్క గబుక్కున నమూనా అందుకుంది. అది చేతిలోకి వచ్చాక కాస్త ప్రాణం కుదుటపడింది. రెండు పొడవాటి నల్లపట్టీలు, వాటి మధ్య నాలుగు రంగుల గుడ్డముక్కలు.

"ఎరుపు ముక్క పేరు ఎ, పసుపు టి. ఈ రెండూ జత, కలిపేవి రెండు హుక్కులు. ఆకుపచ్చ జి, నీలం సి. వీటికి మూడు. జత మారిస్తే హుక్కులు కుదరవు. ఇలా మెలితిప్పితే మెలికల నిచ్చెన. అదే డిఎన్ఏ."

"మరి దీనికి నకలు ఎలా తయారవుతుంది?" అంది వెనక బెంచీ పిల్ల.

అక్క మెలిక విప్పి హుక్కులన్నీ టకటకా ఊడదీసింది. చెరో పట్టీ ఇద్దరికిచ్చి, బల్ల మీద చెల్లెలు ముందే కుట్టించిన విడి రంగుల ముక్కలు కుప్పపోసింది. "ఎరుపు కనిపిస్తే పసుపు తగిలించండి. ఆకుపచ్చకి నీలం."

పిల్లలు ఎగబడ్డారు. కొత్త ముక్కల వెనక అక్క తెల్లపట్టీ కుట్టేసరికి, ఒక్క నిచ్చెన రెండయింది. రెండింటిలోనూ ఒక పక్క పాత నలుపు, ఒక పక్క కొత్త తెలుపు. రంగుల వరుస మాత్రం అచ్చం ఒకటే.

"టీచర్!"

ఎవరిని పిలుస్తున్నారా అని అక్క వెనక్కి చూసింది. తననే!

"టీచర్, నేను ముందు పసుపుకి నీలం పెట్టేశాను. ఒక హుక్కే పట్టింది, తీసి మార్చాను. ఒంట్లో కూడా ఇలా తప్పులు పడతాయా?"

అక్క పక్కనే నిలబడ్డ చెల్లెలివైపు చూసింది. చెల్లెలు తలూపి, వేళ్లతో కత్తిరించి మళ్లీ కుడుతున్నట్టు చేసి చూపించింది.

"పడతాయట! తప్పు ముక్క తీసేసి సరైనది పెట్టే ఏర్పాటు కూడా లోపలే ఉందట. అచ్చం నా పనే!"

తరగతి గొల్లున నవ్వింది. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు.

అక్క దుకాణం చేరేసరికి షర్టు కోసం వచ్చినాయన గుమ్మంలో చిటపటలాడుతున్నాడు. "పొద్దుట్నుంచీ ఎక్కడికెళ్లావమ్మా?"

"పాఠం చెప్పొస్తున్నానండీ," అంది అక్క, తాళం తీస్తూ, వీధంతా వినపడేలా.