వేణ్ణీళ్ళ చావిడిలో తొట్టి మూల

ఊరందరి స్నానాలకని మా ఊరి వేణ్ణీళ్ళ చావిడిని వందేళ్ళ కిందట ఒక జమీందారు కట్టించాడు. ప్రజలు పరిశుభ్రంగా ఉండాలన్న సదుద్దేశంతో అని గుమ్మం మీది రాయి చెబుతుంది. దగ్గరికొచ్చి మొరపెట్టుకునేవాళ్ళ చెమట వాసన భరించలేక అని మా అత్తగారు చెప్పేవారు. నేను బీయేలో చరిత్ర చదివినదాన్ని. అత్తగారి మాటే నమ్ముతాను.

కట్టడం మాత్రం గట్టిది. పైన గుమ్మటం, దాని కింద నడిమధ్య ఒక గోడ. ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. ఆవిరి తిరగాలని గోడను పైదాకా లేపకుండా వదిలేశారు. వెనక పొయ్యిలో జీడి పెంకులు మండుతూనే ఉంటాయి. ఆ పొయ్యి చూసుకునే పని రత్నాలమ్మది. అంతకుముందు వాళ్ళ అత్తది. పలాస జీడి బట్టీల్లో పని దిగిన ఆడవాళ్ళు చేతుల నలుపు వదిలేదాకా ఇక్కడే తోముకుంటారు. నేను శనివారం శనివారం మోకాళ్ళ నొప్పికని వెళ్తాను.

మోకాళ్ళు నిజానికి బాగానే ఉన్నాయి.

సంగతేమిటంటే, మగవాళ్ళ వైపు నూనె రుద్దించుకునే రాతిబల్ల ఒకటుంది. దాని మీద కూర్చుని ఎవరేం గొణిగినా ఆ మాట గుమ్మటం ఎక్కి దిగి, మా వైపు మూలనున్న తొట్టి దగ్గర చెవిలో చెప్పినట్టు వినబడుతుంది. ఇటు మాట అటూ వెళ్తుంది. కాకపోతే వినాలంటే ముందు నోరు మూసుకోవాలి కదా, అందుకని వందేళ్ళుగా మగవాళ్ళకు తెలియలేదు. మా ఆయన ధర్మారావు నా చేపల పులుసు గురించి వాళ్ళ బావతో ఒకసారి అక్కడే ఏదో అన్నారు. తర్వాత మూడు వారాలు మా ఇంట్లో తోటకూర.

ఆ బావే మా పంచాయతీ ప్రెసిడెంటు వైకుంఠరావు. చావిడి పడగొట్టి షాపులు కట్టాలన్న ఆయన ఆలోచన కూడా మాకు తొట్టి దగ్గరే తెలిసింది. పాత కట్టడం కనుక, పడగొట్టవచ్చని ప్రభుత్వ ఇంజనీరు ఒకాయన చూసి రాసివ్వాలట.

“పొయ్యి ఆరిపోతే ఈ వయసులో నానేటి సెయ్యాలమ్మా?” అని రత్నాలమ్మ కళ్ళు తుడుచుకుంది.

“గుమ్మటం సంగతి ఆ ఇంజనీరుకి చెప్పేద్దాం. ఇలాంటిది ఇంకెక్కడా లేదంటే పడగొట్టరు,” అన్నాను.

రత్నాలమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. “ఊరందరికీ తెలిసిపోతాది గదేటి! మొగోళ్ళు నోరు మూసేసుకుంతే మరి ఈ సావిడి ఉంతే ఎంత, పోతే ఎంత?”

శనివారం ఉదయం ఇంజనీరు హేమంత్ వచ్చాడు. కుర్రవాడు, కళ్ళజోడు, చేతిలో టేపు. టిఫిను ఏర్పాటు వార్డు మెంబరైన మా ఆయనది, అంటే నాది. బయటి గోడలూ, మగవాళ్ళ వైపూ కొలిచి, ఇడ్లీ తింటూ, “పెద్ద ప్రత్యేకత ఏమీ లేదండీ,” అన్నాడు. ఆ మాట వినగానే మా ఆయనా, వాళ్ళ బావా హుషారుగా నూనె పట్టించుకోవడానికి లోపలికి పోయారు.

“ఆడవాళ్ళ వైపు కొలవలేదు కదా బాబూ?” అన్నాను.

“లోపల ఎవరైనా...”

“ఎవుల్లేరు. అందర్నీ అంపీసినాం. రా నాయనా, సిగ్గేటి!” అంది రత్నాలమ్మ.

తొట్టి లోతు కూడా చూడమన్నాను. వంగాడు. అప్పుడు వినబడింది మా ఆయన గొంతు.

“బావా, ఆ కళ్ళజోడోడు సంతకం పెడతాడంతావా?”

“పెట్టక సత్తాడేటి! రెండు కేజీల గుండు జీడిపప్పు కారులో పెట్టించినాను. ఆడికి గోడకీ గొడ్డుకీ తేడా తెల్దురా ధర్మా. ఎక్కడ సూపిత్తే అక్కడ పెట్టేత్తాడు.”

హేమంత్ వెనక్కి చూశాడు. పక్కకి చూశాడు. చివరికి పైకి చూశాడు. రత్నాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పెదవుల మీద వేలు పెట్టాను.

బయటికొచ్చాక అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. కారులోంచి పప్పు పొట్లం తీసి రత్నాలమ్మ చేతిలో పెట్టాడు.

“ఈ గుమ్మటం అద్భుతమండీ. కానీ రిపోర్టులో రాస్తే, ఎక్కడ నిలబడి విన్నానో కూడా రాయాలి.”

“ఆడవాళ్ళ స్నానాల గదిలో,” అన్నాను, సాయం చేద్దామని. “కాలువల గురించి రాయండి బాబూ. కాలువల మీద ఎవరికీ కోపం రాదు.”

నెల తిరక్కుండా కాగితం వచ్చింది. అరుదైన సున్నపు గార, అపురూపమైన మురుగు కాలువలు. ఒక్క ఇటుక కదపరాదు.

ఆ శనివారం నా మోకాళ్ళు మరీ నొప్పెట్టాయి. తొట్టి దగ్గర చోటు దొరకడమే కష్టమైంది.

“మన్లో ఎవుడో ఆ ఇంజనీరుకి మాటలు మోసేసినాడురా,” అంటున్నాడు వైకుంఠరావు. “ఇకమీదట ఆఫీసులో ఒక్క ముక్క కూడా వొద్దు. ఏదున్నా ఇక్కడే మాటాడుకుందాం.”

“అదే మంచిది బావా. ఇక్కడైతే ఎవులింతారు?”

ఆ రెండో గొంతు మా ఆయనది. నేను చప్పుడు కాకుండా చెంబు ముంచుకున్నాను.