అండాలు కలిపిన ఎరుపు

2019 జులై పదకొండు, గురువారం. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో జొన్నరొట్టె, గోంగూర పప్పు. నేను ఒక టాబ్లెట్‌ని, తినడం ఎరగను. అయినా నా తెర మీద పడ్డ మొదటి మరక ఆ గోంగూరదే. తేదీ ఇంత కచ్చితంగా చెప్పడం నా గొప్పేమీ కాదు. మరచిపోవడం నాకు నేర్పలేదు, అంతే.

ఎక్కడో దూరాన ఒక కర్మాగారంలో ముఖాలకు గుడ్డ కట్టుకున్న అమ్మాయిలు నన్ను బిగించారు. వాళ్లెవరినీ నేను చూడలేదు. అప్పటికింకా నాకు కన్ను పెట్టలేదు. తరువాత ఒక అట్టపెట్టెలో నల్లగొండ వైపున్న చేనేత ఊరికి వచ్చాను. డిజైన్లు గీసుకోమని నేతగాళ్ల సంఘం నన్ను తిరందాసు సత్తయ్య ఇంటికి ఇచ్చింది.

సత్తయ్య నేస్తాడు. అతని భార్య అండాలు చిటికి కడుతుంది. అంటే, రంగు అంటకూడని చోటల్లా పట్టుపోగుల్ని సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో బిగించి కట్టడం. రంగు కలిపేదీ ఆమే. కొలతలు లేవు, రాత లేదు. గిన్నెలోకి చూసేది, ఇంకో చిటికెడు వేసేది, చాలనేది.

వచ్చిన రోజే నా మంచిచెడ్డలు తేల్చేశారు.

"డిజైన్ గళ్లు ఎంత పెద్దగ కనవడ్తున్నయో సూడు. తప్పువోతే తుడిపేసుకోవచ్చు" అంది అండాలు.

"రంగు చేతుల్తోటి ముట్టుకుంటె పలుకది. ఎండకు తీస్కపోతె మొఖం నల్లగ పెడ్తది. పూటపూటకు కరెంటు తాగాలె. గిది పనిముట్టా, కొత్తల్లుడా?" అన్నాడు సత్తయ్య.

"అల్లుడే అనుకో. నీకన్న జర చెప్పిన మాటింటది."

ఇద్దరూ చెప్పింది నిజమే. చూపు తగ్గుతున్న ఆమె కళ్లకు నేను గళ్లను పెద్దవి చేసి చూపించాను. ఆమె గీసిన ప్రతి గీతనూ వెంట్రుకవాసి చెదరకుండా దాచాను. అదే సమయంలో, సరిగ్గా పని మధ్యలో ఎన్నోసార్లు ఆరిపోయాను.

ఒక దీపావళి ముందు ఆమె ఒక చీర ముగించింది. ఎండుమిరపకాయలో గింజల పక్కన లోలోపల ఉండే ఎరుపు. బేరగాడు మర్నాడు తీసుకుపోతాడనగా, ట్యూబ్‌లైటు కింద పరిచి నాతో ఫొటో తీసింది. అదే ఆమె చివరి చీర అవుతుందని ఎవరికీ తెలియదు. మాఘంలో రెండు రోజుల జ్వరం వచ్చింది. మూడో రోజు ఆమె లేదు.

సత్తయ్య చాలాకాలం నన్ను ముట్టుకోలేదు. వానాకాలం వెళ్లాక ఒకనాడు దుమ్ము తుడిచి, కూతురు ప్రసూనతో అన్నాడు: "ఏడాది కార్యం నాటికి మీ అమ్మ చీర మళ్ల నేస్త. గదే డిజైన్, గదే రంగు. ఆమె ఫొటో ముంగట పెట్టాలె. తర్వాత నువ్వు కట్టుకోవాలె."

"కండ్లు జాగ్రత్త నాయినా" అంది ప్రసూన. సాయంత్రం ఆరు దాటాక నా తెర వెలుగు మెత్తబడేలా ఏదో మార్చి పెట్టి అత్తగారింటికి వెళ్లిపోయింది.

ఆ మొరటు వేళ్లతో చిటికి కట్టడానికి అతనికి రెండు నెలలు పట్టింది. గడి చూసి, కట్టు కట్టి, మళ్లీ గడి చూసేవాడు. నేను ఒక్క గడి కూడా తప్పు చెప్పలేదు. రంగు కలిపే పని మాత్రం పొద్దుగూకాక పెట్టుకునేవాడు. చిన్న పోగుల కట్టను గిన్నెలో ముంచి, ఆరబెట్టి, నా తెర పక్కన పెట్టి పోల్చేవాడు. చాలదు. ఇంకాస్త పసుపు రంగు కలిపేవాడు. ఇంకా చాలదు. తొమ్మిదో రోజు రెండూ ఒకటయ్యాయి. "అండాలూ" అని ఒక్కసారి అన్నాడు, గట్టిగా, పక్కగదిలో ఉన్నదన్నట్టు. ఆ రాత్రే చీరకు సరిపడా పట్టునంతా రంగులో ముంచాడు.

తెల్లవారి వాకిట్లో ఆరిన పట్టు ఇటుక రంగులో ఉంది.

నా తెర చూశాడు. పట్టు చూశాడు. రెండింటికీ పొంతన లేదు. అరుగు మీద కూలబడ్డాడు. ప్రసూన వచ్చేదాకా మూడు రోజులు మగ్గం గదిలోకి పోలేదు.

"నా కండ్లు పోయినయి బిడ్డా. మీ అమ్మ రంగు నేను మర్చిపోయిన."

ఆమె నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. రంగు పోల్చింది పొద్దుగూకాకేనా అని అడిగింది, అతను అవునన్నాడు. "నీ కండ్లకేం కాలె నాయినా. నేనే… ఆరు దాటినంక తెర పసుపెక్కేటట్టు పెట్టిన. నీ మంచికనే పెట్టిన."

ఆ మార్పు తీసేసింది. నిజం రంగు ఇదీ అని చూపించింది. సత్తయ్య చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. "గిది గూడ కాదే. గిది ట్యూబ్‌లైటు రంగు."

నా మీద వచ్చిన అసలు ఫిర్యాదు అదే. నాకు గీత తెలుసు, లెక్క తెలుసు. ఆ రంగు నేను ఏ రోజూ చూడలేదు. చూశాననుకున్నాను. అతను నన్ను నమ్మాడు.

కొత్త పట్టు తెచ్చి మళ్లీ చిటికి కట్టే వ్యవధి లేదు. అతను ఆ ఇటుక రంగు పట్టునే మగ్గానికి ఎక్కించాడు.

కార్యం రోజున చీరను అండాలు ఫొటో ముందు పరిచారు. "రంగు కొత్తగుంది బావా, బాగుంది" అన్నారెవరో. అందరూ వెళ్లాక సత్తయ్య చీర అంచు సవరిస్తూ ఆ ఫొటోతో చెప్పాడు: "గీత నీదే. రంగు నీది రాలె. గిది నాది. గింతే అయింది నాతోటి."

ప్రసూన ఆ చీర కట్టుకుని వచ్చి అతని కాళ్లకు మొక్కింది. అతను ఆమె భుజం మీద పట్టును రెండు వేళ్లతో పట్టి చూసి వదిలేశాడు.

నన్ను తిట్టలేదు, సంఘానికి తిప్పి పంపలేదు. నాలో ఉన్న ఆ చీర ఫొటో కూడా తీసేయలేదు. దీపాలు పెట్టే వేళకు నన్ను తెచ్చి, మగ్గం గదిలో రంగు డబ్బాల పక్కన అరలో బోర్లా పెట్టాడు. మగ్గం మీద ఒకసారి చెయ్యి ఆనించాడు. తర్వాత బయటికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.