పదో అడుగున నవ్వు

యాభై అయిదేళ్ళొచ్చి, జుట్టు నెరిసి, మోకాళ్ళు మొరాయిస్తున్నా ఆయన ఉద్యోగం పేరు మాత్రం రూమ్ బాయే. ఆ హోటల్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మేనేజరు నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన ఇస్త్రీ బాబాయే. ఆయన పరిచిన దుప్పటి మీద భూతద్దం పెట్టి వెతికినా ముడత దొరకదని ఆ పేరు. ఇరవై ఆరేళ్ళుగా మూడో అంతస్తులోని పదహారు గదులూ ఆయనవే. ఈ పనిలో తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

బాబాయికి ఒక్కతే కూతురు. ఇంట్లో ఆమెను అమ్మడు అంటారు. హోటల్, టూరిజం ఉద్యోగాలకు తర్ఫీదిచ్చే స్కూల్లో తొమ్మిది నెలల కోర్సులో చేరతానని ఆ పిల్ల అన్నప్పుడు బాబాయి నవ్వేశాడు.

"గది తుడవడానికి స్కూలెందుకే? నేను నేర్పనూ?"

"గది తుడవడానికి కాదు నాన్నా. రిసెప్షన్ కౌంటర్‌లో నిలబడడానికి."

ఆ మాటతో ఆయన నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ కౌంటర్ ముందు ఆయన ఒక్కసారి కూడా నిలబడలేదు. పనివాళ్ళ దారి వెనకవైపు, చెత్త డబ్బాల పక్కనుంచి. అలాంటిది, తన కూతురు నల్ల కోటు వేసుకుని ముందు గుమ్మానికి ఎదురుగా నిలబడుతుందంటే ఆయనకు కడుపు నిండిపోయింది. మర్నాడే వెళ్ళి చేర్పించాడు.

స్కూల్లో మొదటి పాఠం నవ్వడం. నవ్వడం కూడా నేర్పుతారా అని మనకు అనిపిస్తుంది గాని, దానికీ లెక్కుంది. అతిథి పది అడుగుల దూరంలో ఉండగానే కళ్ళలోకి చూసి నవ్వాలి. అయిదు అడుగుల దూరానికి రాగానే పలకరించాలి. ముందైతే అతిచనువు, ఆలస్యమైతే నిర్లక్ష్యం. అమ్మడు ఇంటికొచ్చి ఈ పాఠం సాధన చెయ్యబోతే పెద్ద చిక్కొచ్చింది. వాళ్ళ గది ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరే అడుగులు.

"మనింట్లో పది అడుగులు వెయ్యాలంటే పక్కింటివాళ్ళ వంటింట్లోంచి బయల్దేరాలి," అంది వాళ్ళమ్మ.

దాంతో సాధన బయట వరండాలోకి మారింది. రోజూ సాయంత్రం బాబాయి బట్టల సంచి ఒకటి చేత పట్టుకుని, గొప్ప అతిథిలా ఆ చివర నుంచి నడిచొచ్చేవాడు. ఒకరోజు కోపిష్ఠి, ఒకరోజు తాళంచెవి పోగొట్టుకున్నవాడు, ఒకరోజు చెవిటివాడు. పదో అడుగున అమ్మడు నవ్వేది. అయిదో అడుగున "నమస్కారం సార్" అనేది. బాబాయి మెడ నిక్కించి "నమస్తే అమ్మా" అనేవాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆపుకోలేక పగలబడి నవ్వేవారు. గొంతు వణికితే మాత్రం ఆయన ఒప్పుకునేవాడు కాదు. "మళ్ళీ," అని వెనక్కి నడిచేవాడు. అలా తొమ్మిది నెలలయ్యేసరికి ఆ పిల్ల గొంతు కొలిచి పోసినట్టు తయారైంది.

కోర్సు చివర రెండు వారాలు ఏదైనా హోటల్లో పని చెయ్యాలి. ఎవరు ఎక్కడన్నది చీటీలు తీసి నిర్ణయిస్తారు. అమ్మడికి తండ్రి పనిచేసే హోటలే వచ్చింది. అదృష్టం అందామంటే స్కూలుకొక నియమం ఉంది. బంధువులున్న చోట పిల్లల్ని వెయ్యరు. తెలిస్తే మార్చేస్తారు. అక్కడేమో కౌంటర్‌లో ఒక ఉద్యోగం ఖాళీ ఉంది, ఈ రెండు వారాల్లో మెప్పించినవాళ్ళకే ఇస్తారని అందరికీ తెలుసు.

"అక్కడ నేను నీకేమీ కాను. అందరిలాగే బాబాయ్ అను," అన్నాడు తండ్రి.

"ఏ వరసైనా పెట్టుకోండి, గుమ్మంలోకి రాగానే సరిచేసుకోండి," అని వాళ్ళమ్మ నవ్వింది.

నవ్వులాటగా మొదలైన ఈ దాపరికం వెనక బాబాయికి మరో భయం కూడా ఉంది. ఆ ఏడాది ఆయనకు రెండు మెమోలొచ్చాయి. రెండూ మోకాళ్ళ పుణ్యమే. మధ్యాహ్నంలోగా పదహారు గదులూ ముగించలేక రెండుసార్లు ఆలస్యమైంది. కొత్త నియమం ప్రకారం మూడో మెమో వస్తే ఉద్యోగం ఉండదు. అంతలోగా అమ్మడు కౌంటర్‌లో కుదురుకుంటే చాలు, తర్వాత తన సంగతి ఏమైనా ఫరవాలేదనుకున్నాడు.

పదమూడు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. పద్నాలుగో రోజు ఆఖరి పరీక్ష. ఉదయం గదుల పని, మధ్యాహ్నం కౌంటర్. మార్కులు వేసేది ట్రైనింగ్ మేడమ్. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. గుండెలకు అట్ట ఆనించుకుని, పెన్సిల్‌తో చిన్న చిన్న అంకెలు వేసుకుంటూ ఉంటుంది.

ఉదయం అమ్మడికి బాబాయితోనే పని పడింది. పదకొండో గదికి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. ఆ గదిలో దిగినవాళ్ళు ఒక ముసలాయన, ఆయన కొడుకు. ఇద్దరూ టిఫిన్‌కి కిందికి వెళ్ళారు. మంచం పక్క బల్ల మీద గాజు గ్లాసు, అందులో కుక్కి పెట్టిన టిష్యూ కాగితం. అమ్మడు చెయ్యి చాపబోయి ఆగింది. శుభ్రం చేసేటప్పుడు తలుపు బార్లా తెరిచే ఉంచాలి కాబట్టి గదిలో కూడా నాన్నా అనకుండా బాబాయ్ అనే పిలిచింది.

"బాబాయ్, చెత్తబుట్టలో లేనిదేదీ చెత్త కాదని మేడమ్ చెప్పింది. ముట్టుకోకూడదట."

"మీ మేడమ్ ఎప్పుడన్నా పదహారు గదులు చేసిందా?" అన్నాడు బాబాయి, మోకాలు పట్టుకుని పక్క సర్దుతూనే. "గ్లాసులో టిష్యూ కుక్కారంటే, ఇంక ఈ గ్లాసు కడిగేసుకోండని అర్థం. మా అందరికీ అదే గుర్తు. ఇవి పుస్తకాల్లో ఉండవు. పడెయ్."

అమ్మడు ఒక్క క్షణం తటపటాయించి గ్లాసును చెత్తసంచిలోకి వంచింది. లోపల ఏదో చిన్నగా టక్కుమంది. బాబాయికి వినబడింది. అరిగిపోయిన సబ్బుముక్కేమో అనుకున్నాడు. పదకొండింటికి చెత్తలారీ వచ్చి మూడో అంతస్తు సంచులు కూడా ఎత్తుకుపోయింది.

మధ్యాహ్నం రెండున్నరకు కింద నుంచి ఫోనొచ్చింది. ఇస్త్రీ బాబాయిని వెంటనే ముందు హాల్లోకి రమ్మన్నారు.

కౌంటర్ వెనక నల్ల కోటులో అమ్మడు నిలబడి ఉంది. స్తంభం పక్కన అట్టతో మేడమ్, ఆవిడ పక్కన మేనేజరు. కౌంటర్ ముందు ఆ పదకొండో గది ముసలాయన కొడుకు ఊగిపోతున్నాడు.

"చిగుళ్ళు నొప్పెడుతున్నాయని మా నాన్నగారు పొద్దున కట్టుడు పళ్ళు తీసి, టిష్యూలో చుట్టి గ్లాసులో పెట్టుకున్నారు. ఇప్పుడు పెట్టుకుందామంటే ఏవీ? నాలుగింటికి ఆయనకు సన్మానం. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, ఆయన శిష్యులంతా వస్తున్నారు. ఇప్పుడు ఏ నోటితో మాట్లాడతారు?"

ముసలాయన సోఫాలో, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పోనీలేరా అన్నట్టు కొడుక్కి చెయ్యి ఊపుతున్నాడు.

బాబాయికి ఆ టక్కుమన్న చప్పుడు చెవిలో మళ్ళీ వినిపించింది. కూతురి మొహం చూశాడు. నెత్తురు చుక్క లేదు. ఆమె పెదవులు విడివడుతున్నాయి. నేనే అనబోతోందని ఆయనకు అర్థమైపోయింది. ఆ ఒక్క మాట బయటపడితే తొమ్మిది నెలలూ గంగలో కలుస్తాయి. మేడమ్ పెన్సిల్ అట్ట మీద సిద్ధంగా ఉంది.

"నేనే పారేశాను సార్," అన్నాడు బాబాయి. "వాడేసిన టిష్యూ అనుకున్నాను."

అది అబద్ధమా అంటే పూర్తిగా అబద్ధమూ కాదు. చెయ్యి ఆ పిల్లది, మాట ఆయనది.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావ్ ఈ పని?"

"ఇరవై ఆరేళ్ళు సార్."

"ఇరవై ఆరేళ్ళు చేసీ చెత్తకీ పళ్ళకీ తేడా తెలీదా?"

తండ్రి కోసం అంత గట్టిగా అరవగలిగిన కొడుకును చూస్తే బాబాయికి కోపం రాలేదు, నిజానికి ముచ్చటేసింది.

"సార్, ఆ గదిలో పొద్దున నేను కూడా..." అని అమ్మడు మొదలుపెట్టింది.

బాబాయి అడ్డం పడ్డాడు. "అమ్మా, ఫారం తీసుకోండి. నా పేరే రాయండి."

కూతుర్ని 'రాయండి' అనడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ 'అండి' విని అమ్మడి మొహంలో ఏదో తెగినట్టయింది. ఫిర్యాదు వస్తే ఎదురు చెప్పకూడదు, సాకులు వెతకకూడదు, అతిథి ముందు పనివాళ్ళు తమలో తాము వాదించుకోకూడదు, తప్పు ఎవరిదో తన చేత్తో ఫారంలో రాసి చూపించాలి. అది స్కూలు పాఠం. వరండాలో కోపిష్ఠి అతిథి వేషం వేసినప్పుడల్లా ఆ పాఠం వల్లె వేయించింది ఆయనే.

ఆమె ఫారం తీసింది. కలం పట్టుకుంది. అందరూ బాబాయ్ అనే మనిషి అసలు పేరు కొత్తమ్మాయికి తెలియకూడదు కదా. అందుకని అడగాల్సి వచ్చింది.

"మీ పూర్తి పేరు చెప్పండి."

ఆయన చెప్పాడు. నిదానంగా, తప్పు పోకుండా రాసుకోవడానికి వీలుగా చెప్పాడు. ఆమె రాసింది. ఆ పేరు తన బడి సర్టిఫికెట్ల మీద, తన పేరు కింద గడిలో ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు.

"తప్పు మాదే సార్," అంది ముసలాయన కొడుకుతో. "బాధ్యుల మీద చర్య తీసుకుంటాం. మా కారులో మీ నాన్నగారిని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపిస్తాం. ఆయనకు కలిగిన ఇబ్బందికి క్షమించండి."

గొంతు వణకలేదు. కొలిచి పోసినట్టు వచ్చింది.

బాబాయి వెనకవైపు పరుగెత్తాడు. మోకాళ్ళతో పరుగెత్తగలిగినంత పరుగెత్తాడు. డబ్బాలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసినా, ఒక్కో డబ్బా ఎత్తి కింద చూశాడు. డాక్టరు మాత్రం ఏం చేస్తాడు, పళ్ళు గంటలో మొలుస్తాయా? సన్మానానికి ముసలాయన నోటికి రుమాలుతోనే వెళ్ళాడని తర్వాత డ్రైవరు చెప్పాడు.

నాలుగున్నరకు మేనేజరు గదిలో మూడో మెమో తయారుగా ఉంది.

"నా చేతుల్లో ఏం లేదు బాబాయ్," అన్నాడు మేనేజరు. మంచివాడే. కళ్ళు కలపలేకపోయాడు. "పైనుంచి వచ్చిన రూలు. యూనిఫారం, కార్డు ఇచ్చెయ్."

అప్పుడే మేడమ్ లోపలికొచ్చింది. ఆవిడ కాగితం మేనేజరు ముందు పెట్టి, "యాభైకి నలభై ఎనిమిది," అంది. "పద్దెనిమిదేళ్ళుగా నేర్పుతున్నాను. ఫిర్యాదు రాసేటప్పుడు చెయ్యి వణకని పిల్లను ఇప్పుడే చూశాను. గుండె గట్టిది. ఆలస్యం చెయ్యకుండా తీసుకోండి."

"తీసుకున్నట్టే మేడమ్. ఈ పూట నుంచే."

బాబాయి మెమో కింద సంతకం పెడుతూ ఇదంతా విన్నాడు. తొమ్మిది నెలలుగా కోరుకున్న మాట అది. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కక్కలేక మింగలేక నిలబడ్డాడు. నిజం చెబితే తన ఉద్యోగం తిరిగి రాదు, కూతురిది కూడా పోతుంది. కలం మూత పెట్టి జాగ్రత్తగా మేనేజరు బల్ల మీద, అంచుకు సమానంగా ఉంచాడు.

సొంత చొక్కా వేసుకుని అలవాటుగా వెనక దారికి వెళ్తే వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. పదేళ్ళుగా ఒకే అగ్గిపెట్టె పంచుకున్న మనిషి.

"ఏమనుకోకు బాబాయ్. కార్డు లేనివాళ్ళని ఇటు పంపకూడదు. ముందు నుంచి వెళ్ళు."

బాబాయి ముందు హాల్లోకి వచ్చాడు. అప్పుడే ఏదో టూరిస్టు బస్సు దిగినట్టుంది, పెట్టెలతో జనం కౌంటర్ దగ్గరికి వస్తున్నారు. మేనేజరు, మేడమ్ ఓ పక్కన నిలబడి కొత్త ఉద్యోగిని చూస్తున్నారు. ముందు గుమ్మానికి వెళ్ళాలంటే ఆ కౌంటర్ ముందునుంచే వెళ్ళాలి. చేతిలో బట్టల సంచితో ఆయన నడిచాడు. ఇక్కడ పది అడుగులకు కొదవ లేదు.

పదో అడుగు దగ్గర అమ్మడు తలెత్తింది. ఆయన కళ్ళలోకి చూసి నవ్వింది. పెదవులు సరిగ్గా స్కూల్లో చెప్పినంతే విచ్చుకున్నాయి. కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి గాని జారలేదు. ఆయన పక్కకు తప్పుకుని పోదామనుకున్నాడు. కాళ్ళు ఆ నవ్వు వైపే నడిచాయి.

అయిదో అడుగున ఆమె అంది. "నమస్కారం సార్."

బాబాయి మెడ నిక్కించాడు. "నమస్తే అమ్మా," అన్నాడు.

ఈసారి ఇద్దరిలో ఎవరూ పగలబడి నవ్వలేదు.

గుమ్మం దగ్గర అద్దాల తలుపు తొయ్యడానికి చెయ్యి చాపాడు. అది దానంతటదే తెరుచుకుంది. ముందు తలుపు అలా తెరుచుకుంటుందని ఇరవై ఆరేళ్ళలో ఆయనకు తెలియదు. వెనక నుంచి కూతురి గొంతు వినబడింది. ఇంకో అతిథికి, అదే నమస్కారం. వరండాలో ఎన్నోసార్లు విన్నట్టే చెవి రిక్కించి విన్నాడు. ఎక్కడా వణకలేదు. ఒక్కసారి వణికి ఉంటే బాగుండునని, ఆ గొంతును తీర్చిదిద్దిన మనిషికి మొదటిసారి అనిపించింది.