బియ్యం డ్రమ్ములో మొదటి పెట్టె

శుక్రవారంలోగా చేయాల్సినవి ఇవి:

పాపకు వెనక గదిలో తొట్టిల కట్టాలి.
మోడెంలో ఉన్న వైఫైని ఆపాలి. లేకపోతే పాతదీ కొత్తదీ ఒకదానికొకటి అడ్డం పడతాయి.
వైఫైని ఇల్లంతా అందించడానికి అన్న కొనిచ్చిన మెష్ పెట్టెల్లో మొదటిదాన్ని మోడెంకు వైరుతో కలపాలి. మిగతావి ఇంట్లో దూరదూరంగా పెట్టాలి.
అత్త ఫోనులో కొత్త వైఫై పేరు ఎక్కించాలి.
శివరామన్ సార్ పెట్టే పరీక్షలో నేను పాస్ కావాలి.

చివరిది జరగడానికే పైవన్నీ. నేను చెన్నైలో ఒక ఆసుపత్రి బిల్లుల కంపెనీలో పని చేస్తాను. ప్రసవం సెలవు అయిపోయింది. ఇంటి నుంచి పని చేయాలంటే ముందు శుక్రవారం తలుపు మూసిన గదిలో కూర్చుని, గంటసేపు వీడియోలో మాట్లాడాలి, ఒక్కసారి కూడా లైను తెగకూడదు. తెగితే సోమవారం చెన్నైకి వచ్చేయాలని మా పైఅధికారి శివరామన్ సార్ చెప్పేశారు. పాపకు ఇంకా నా పాలే. మా వంశంలో కాలేజీ ముఖం చూసింది నేనే మొదట. ఉద్యోగం మానేయమని నాకెవరూ చెప్పలేదు. మానేస్తే ఎవరూ ఆశ్చర్యపోరని మాత్రం తెలుసు.

కోవిల్పట్టిలో మా అత్తవారి ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. మోడెం వీధి గదిలో ఉంది. దాని వైఫై వంటిల్లు దాటదు. తలుపు మూసుకోగల గది ఒక్కటే, అది ఇంటి చిట్టచివర ఉంది. అందుకే పాపకు తొమ్మిదో నెల రాగానే విరుదునగర్‌లోని మా పుట్టింటి నుంచి తీసుకొచ్చేటప్పుడు, సీరులో, అంటే పుట్టింటి సారెలో, వెండి గిన్నె, ఇత్తడి చెంబు, గౌన్లతో పాటు అన్న వసంతకుమార్ మెష్ పెట్టెలు కూడా పెట్టించాడు. అమ్మ వాటికీ పసుపు కుంకుమ పెట్టి, పూల పళ్లెంలో పంపింది.

గురువారం మోడెం వైఫై ఆపాను. వైరు చేతిలో పట్టుకుని మెష్ పెట్టెను తిప్పి చూశాను. వైరు గుచ్చే చోటు లేదు. రెండోదాన్ని తిప్పాను. దానికీ లేదు. కరెంటు తీగ తప్ప రెండూ గుడ్ల లాగా నున్నగా ఉన్నాయి. పళ్లెంలో వేరే పెట్టె లేదు.

హాల్లో అత్త జోతిలక్ష్మి ఫోనులో చూస్తున్న సీరియల్ ఆగిపోయింది.

"ఏమే సుదా, ఉండేదాన్ని ఆపేసి లేనిదాన్ని పెట్టినావా?"

"ఇదో, ఒక్క నిమిషం అత్తా."

"ఆడ సీరియల్లో కోడలు విషం కలిపే సమయం. ఇప్పుడా నీ నిమిషం?"

మోడెం వైఫై మళ్లీ వేసి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, అన్న ఎన్ని పెట్టెలు కొనె?"

"మూడు."

"నాకు రెండే వచ్చె."

"ఒకటి ఈడ నిలుపుకొంటిని. ఆడబిడ్డతో సీరు మొత్తం తుడిచి పంపకూడదు కదే. నీ పెండ్లిలో నీళ్ల అండా పంపి మూత నిలుపుకొంటిని, తెలీదా?"

"అదెట్ల ఉండాది? వెనక బొక్కలు ఉండాయా?"

"ఉండాయి. అందుకేనే దాన్ని నిలుపుకొంటిని. బొక్కలు పడిన సామాను సంబంధి ఇంటికి పంపితే మీ అత్త ఏమనుకొనును? నున్నగా ఉండేవే ఏరి పంపితిని."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అమ్మా, ఆ బొక్కలోనే వైరు పెట్టాల. అది లేకుండా ఈ రెండు ఊరికే బొమ్మలు."

"అయ్యో! అది బియ్యం డ్రమ్ములో ఉండాదే."

"రేపు మధ్యాహ్నం నాకు పరీక్ష. పాస్ కాకపోతే పాపను వదిలేసి చెన్నైకి పోవాల."

ఆ పెట్టె తెచ్చేందుకు వేరే ఎవరూ లేరు. అన్న మదురైలో డ్యూటీలో ఉన్నాడు. మా అమ్మ కాళియమ్మాళ్ అంతవరకు ఒంటరిగా దారిలో మొదట వచ్చే సాత్తూరు కూడా దాటలేదు. శుక్రవారం పొద్దున బస్సు దిగి, పిడీ మూతా ఉన్న తూక్కు గిన్నె ఒకటి గుండెకు హత్తుకుని మా గుమ్మంలో నిలబడింది.

"రా వదినె," అంది అత్త. "ఏంది, మనవరాలికి గంజి తెస్తివా?"

"లేదు వదినె, వైఫై తెస్తిని."

మూత తీశాను. బియ్యంలోంచి తెల్ల పెట్టె తల బయటికి కనిపించింది. దులిపి వైరు పెట్టబోతే లోపలికి పోలేదు. బొక్కలో ఒక బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది. అమ్మ తాళికి తగిలించుకున్న పిన్నీసు తీసి, చిన్నపిల్ల చెవిలోంచి తీసినట్టు మెల్లగా ఆ గింజను బయటికి తీసింది. వైరు టక్కుమని కూర్చుంది. మొదటి పెట్టె దీపం వెలిగింది, తర్వాత వంటింట్లోది, తర్వాత వెనక గదిలోది.

ఆఫీసు ప్రోగ్రాం మాత్రం లోపలికి రానివ్వలేదు. సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచి చూశాను. తర్వాత అర్థమైంది. మోడెం కూడా రౌటరే, కొత్త పెట్టె కూడా రౌటరే. ఇంట్లోని ఫోన్లకూ లాప్‌టాప్‌కూ నంబర్లు పంచేది నేనంటే నేనని రెండూ పని మొదలుపెట్టాయి.

"ఏమయ్యె?" అంది అత్త.

"రెండూ పెత్తనం చేస్తా ఉండాయి అత్తా."

"ఒక వంటింట్లో ఇద్దరా? ఎట్ల ఉడుకును?" అని అత్త మా అమ్మ వైపు చూసింది. "మీ అమ్మను చూడు, వచ్చినప్పటి నుంచి నా పొయ్యి దగ్గరకు రాలేదు. అట్ల ఉండమని చెప్పు ఆ పెట్టెకు."

పెట్టె తాలూకు యాప్‌లో బ్రిడ్జ్ మోడ్ అని ఉంటుంది. దాన్ని నొక్కితే నంబర్లు పంచే పని మోడెంకు వదిలేసి, పెట్టెలు వైఫైని మోసుకుపోయే పని మాత్రమే చేస్తాయి. నొక్కాను. దీపాలన్నీ ఆరిపోయాయి. ఒక్కొక్కటే మళ్లీ వెలిగాయి. అత్త ఫోనులో కొత్త వైఫై పేరు ఎక్కించి, మోడెం వైఫైని మళ్లీ ఆపాను. ఈసారి సీరియల్ ఆగలేదు. ఆఫీసు ప్రోగ్రాం తెరుచుకుంది.

మధ్యాహ్నం వెనక గది తలుపు మూసుకుని కూర్చున్నాను. శివరామన్ సార్ బిల్లులు తెరవమన్నారు, మూయమన్నారు, ఏవేవో పెద్ద ఫైళ్లు పంపమన్నారు. ఆయన ముఖం ఒక్కసారి కూడా గళ్లుగళ్లుగా విరగలేదు. చివర్లో "సరేమ్మా, ఇంటి నుంచే చేయండి" అన్నారు. కెమెరా ఆపి తలుపు తీశాను.

బయటికి వస్తే పాప అత్త ఒళ్లో నిద్రపోతోంది. అమ్మ వీధి గదిలో మోడెం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఎవరైనా ప్లగ్గు పీకుతారేమోనని గంటసేపు అక్కడి నుంచి కదలలేదట. అత్త ఇచ్చిన మజ్జిగ తాగకుండానే పక్కన ఉంది.

"అయ్యిందా?" అంది.

"అయ్యిందమ్మా. పాపతోనే ఉంటా."

అప్పుడు మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

సాయంత్రం బయలుదేరేటప్పుడు అమ్మ ముఖం కొంచెం వాడింది. "అంతా ఈడికే వచ్చేసె. మా ఇంట్లో ఒకటీ నిల్వలేదు," అని గొణిగింది. అత్త విని, ఖాళీ తూక్కు లాక్కుని దాన్నిండా సజ్జలు పోసి మూత పెట్టింది. "ఇది ఆ ఇంట్లో నిలుపు వదినె. సరిపోయెనా?" అమ్మ నవ్వి బస్సెక్కింది.

శివరామన్ సార్ నా లైను బాగుందని కంపెనీలో రాసుకున్నారు. అన్న మంచి పెట్టెలు కొన్నాడని ఊళ్లో అందరూ అన్నారు. ఆ గంటసేపు ప్లగ్గుకు కాపలా కాసిన ఆవిడ మాత్రం ఎవరి తెర మీదా కనిపించలేదు. ఇది చదివినవాళ్లు మా అమ్మ కాళియమ్మాళ్‌ను ఒక్కసారి తలుచుకోండి.