నమూనా తాళం

ఇనుప సామాన్ల కొట్టులో బల్లకు బిగించిన నమూనా తాళాలను హెయిర్‌పిన్నుతో తెరవడం ఆ రిటైరైన లెక్కల టీచరుకు సరదా. ఆవేళ ఇత్తడి తాళం చిటికెలో ఊడివచ్చింది.

“మా టీచరమ్మ చేతిలో ఏదో మంత్రముంది!” అని మురిసిపోయాడు కొట్టతను.

“నాకూ నేర్పండి, అత్తయ్యా,” అన్నది వెనకనుంచి ఒక గొంతు.

ఆమె వెనక్కి తిరిగింది. కూతురి చెయ్యి విరగ్గొట్టి, దానికి సంసారమని పేరుపెట్టిన అల్లుడు. ఆ కూతురు ఇప్పుడు పుట్టింట్లో ఒంటరిగా ఉంది.

“మీ గుమ్మానికీ ఈ రకమే కదూ?” అంటూ అతను ఆమె వేళ్లలోంచి పిన్ను లాక్కుని, తాపీగా వాళ్ల వీధివైపు మళ్లాడు.

ఆమె వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

“తాళాన్ని నమ్మకే, తల్లీ! బీరువాను తలుపుకు అడ్డం జరుపు!”

అవతల ఎవరూ పలకలేదు. చెప్పులు అక్కడే వదిలేసి ఆమె పరుగందుకుంది.