ఒక్కటే మిగలాల్సిన నోటు

ప్లమ్ ఫోర్క్ అనే చిన్న ఊళ్లో బ్యాంకు మూతపడి చాలా ఏళ్లయింది. ఒకప్పుడు ఆ చిన్న బ్యాంకు తన పేరుతోనే నోట్లు వెలువరించేది. వాటిలో మిగిలింది ఒకే ఒక్క అయిదు డాలర్ల నోటని, పాత నోట్లు సేకరించేవాళ్ల ధరల పుస్తకం చెబుతుంది. అది పాత నోట్ల వ్యాపారి లోయెల్ టీడెమన్ దగ్గర ఉంది. ఒక్కటే కనుక దానికి వెల. ఒక్కటే కనుక అతనికి పేరు.

కోతలైన చేల మీద గాలి ఆగిపోయిన ఆ సాయంత్రం, ఆర్డిత్ కోలార్ అనే రైతు వితంతువు అతని అంగడికి వచ్చి చేతిసంచిలోంచి రెండోది తీసింది.

అతను రెంటినీ పక్కపక్కన పరిచాడు. వరుస సంఖ్య ఒకటే. అతనిదాని మీద 'ఎ' అక్షరం, ఆమెదాని మీద 'బి'. కత్తెర వంకరపోయిన చోట అంచుకు అంచు అతికినట్టు సరిపోయింది.

తాత ఆ బ్యాంకు క్యాషియరని, ఒకే సంఖ్యతో నాలుగు నోట్లు అచ్చైన కాగితాన్ని సంతకాలు చేసి ఆయనే కత్తిరించాడని ఆమె చెప్పింది. ముగ్గురు మనవలకు, అంటే అన్నకు, తనకు, చెల్లెలికి, తలొకటి ఇచ్చాడట. అన్న తనది ఎప్పుడో అమ్ముకున్నాడు; లోయెల్ దగ్గరున్నది అదే. నాలుగోదాన్ని తాత కోటు జేబులో ఉంచి ఆయనతోనే పూడ్చారు.

"ఏ శ్మశానంలో?" అన్నాడు లోయెల్.

"ఏంటండీ, తవ్వుతారా?" అని ఆమె నవ్వింది.

అతను నవ్వలేదు. ఆమె అడిగినదానికి రెట్టింపు చెల్లించి, అంగడిలోని ఇనుప పొయ్యి తలుపు తీసి, ఆ నోటును నిప్పులో వేశాడు. తాత సంతకం గోధుమరంగై, నల్లనై, ముడుచుకుపోయింది.

"కొన్నది కాల్చుకోడానికా, లోయెల్ గారూ?"

"ఒకటే ఉండాలమ్మా." గొంతు మెత్తగా ఉంది. "మీ చెల్లెలు ఫెర్న్ ఇంకా ఆ ఏటిదారి ఇంట్లోనే కదూ, ఒక్కతే?"

"అది అమ్మదండీ. ఎంతిచ్చినా అమ్మదు." అన్నాక, అనకుండా ఉండాల్సిందని ఆమెకు తోచింది.

అతను టోపీ పెట్టుకుని, ఆమెను మర్యాదగా బయటికి పంపి, తాళం వేశాడు. కారు ఏటివైపు తిరిగింది.

ఆర్డిత్ ఎదుటి కాఫీ హోటల్లో ఫోన్ అందుకుంది. ఏటిదారి ఇళ్లన్నిటికీ ఒకే ఫోన్ తీగ; ఒకరు మాట్లాడుతుంటే మరొకరికి దొరకదు. ఎవరో ఆడవాళ్లు కోళ్ల సంగతి మాట్లాడుకుంటున్నారు. ఆపమనడానికి ఏ కారణం చెప్పాలో ఆమెకు తెలియలేదు. పెద్దమనిషి మీద ఏమని నింద వేయడం? వారి మాటలు సాగుతూనే ఉన్నాయి, తీరిగ్గా, తీయగా.

చివరికి ఫెర్న్ పలికింది.

"ఫెర్నీ, తలుపు గడియ పెట్టు."

"ఉండవే అక్కా, ఎవరో తలుపు కొడుతున్నారు. చూసొస్తా."

రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు. దూరమవుతున్న అడుగులు. తర్వాత గడియ తీసిన చప్పుడు.