చుక్కలు పెట్టిన పేజీ

పాలకేంద్రం తాళంచెవి నా దగ్గర నుంచి తీసుకునేటప్పుడు మా సంఘం పెద్ద గిడ్డమ్మ నా ముఖం చూడలేదు. "నీ గుడ్డ వల్లనే పాలు విరిగినాయి జీవమ్మక్కా" అని మాత్రం అంది.

మా ఊరు ముద్దనూరు పక్కన. ఆ కేంద్రాన్ని పన్నెండు మంది ఆడవాళ్ళం కలిసి నడుపుతాం. సాయంత్రం పిండిన పాలు పొద్దున వ్యాను వచ్చేదాకా ఫ్రిజ్‌లో ఉండాలి. రేకుల కప్పు మీద మూడు సోలారు పలకలు, లోపల గోడకు కంట్రోలరు పెట్టె. పలకల కరెంటును బ్యాటరీలకు పంపేది అదే. బిగించింది మా మరిది జయకుమార్. నా భర్త పోయాక, నలభై తొమ్మిదో ఏట నాకు అక్షరాలు నేర్పింది కూడా అతనే. జాగ్రత్తగా చదవాల్సిన మాట కింద పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టేవాడు.

మే నెలలో బ్యాటరీలు నిండడం మానేశాయి, రాత్రి ఫ్రిజ్ ఆగిపోయి పాలు విరిగేవి. పొద్దున పది గంటలకు పెట్టె మీద ముప్పై ఎనిమిది చూపించే కరెంటు అంకె, పన్నెండున్నరకు పద్దెనిమిదికి పడిపోయేది.

"ఎండ ముదిరితే కరెంటు పెరగాల గదప్పా?" అని అడిగాను.

జయకుమార్ అందరి ముందూ నవ్వాడు. "పెట్టెకు దుప్పటి కప్పితే ఊపిరాడతాదా వదినా? దానికి గాని జలుబు చేసినాదా ఏమి?"

అందరూ నవ్వారు. దుమ్ము పడకుండా నేను పాత చీర ముక్క కప్పేది రాత్రిపూటే, తెల్లారగానే తీసేదాన్ని. ఆ మాట ఎవరూ వినలేదు. మూడోసారి పాలు విరిగిన రోజున తాళంచెవి నా చేతి నుంచి పోయింది.

నా సామాను తెచ్చుకోవడానికి కేంద్రానికి పోతే, ఖాళీ క్యాన్ల వెనక ఆ పెట్టె వచ్చిన అట్టడబ్బా కనిపించింది. అందులో పుస్తకం. అంతా ఇంగ్లీషేనని జయకుమార్ అప్పట్లో చెప్పాడు. చివరి నాలుగు పేజీలు తెలుగు. కూడబలుక్కుని చదివాను.

"పలకలను ఒకదాని వెనక ఒకటి కలిపితే ఓల్టేజి పెరుగును. ఓల్టేజి పెరిగేకొద్దీ పెట్టె ఎక్కువ వేడెక్కును. చుట్టూ గాలి నలభై ఐదు డిగ్రీలు దాటే చోట, పెట్టె కాలిపోకుండా కరెంటును తగ్గించుకొనును. అట్టి చోట పలకలను పక్కపక్కనే, లావు వైరుతో కలపవలెను."

ఆ మాటల కింద వరసగా పెన్సిలు చుక్కలు. మా రేకుల మీద పలకలేమో ఒకదాని వెనక ఒకటి, సన్న వైరుతో కలిపి ఉన్నాయి.

సాయంత్రం పాలు పోసే వేళ, అందరూ ఉండగా, జయకుమార్ ఎదురుగానే ఆ పేజీ పైకి చదివాను. వైరు సంగతి మా పన్నెండు మందిలో ఒకతైన భీమక్క పట్టుకుంది.

"మనం తెప్పించిన లావు వైరు యాడ పోయినాదప్పా? నీ బోరు మోటరుకు ఉండాదే, అదేనా?"

అతను నా వైపు తిరిగాడు. "నీకు చదువు చెప్పినోణ్ణి వదినా. నన్నే నలుగుర్లో నిలబెడతాండావా?"

"నువ్వు చెప్పబట్టే ఆ చుక్కలు ఎవరివో తెలిసినాది జయా."

గిడ్డమ్మ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈసారి కూడా ముఖం చూడలేదు.

ఇంటికొచ్చి, రోజూ చదువుకునే సువార్త పుస్తకం తెరిచాను. ప్రతి పేజీలోనూ అతను పెట్టిన చుక్కలే. చదవలేక మూసేశాను.